ఈతకొలను వెనక పొన్నగంటి కూర

మా అమ్మది మంచి చెయ్యి. కూతుర్ని కాబట్టి అంటున్న మాట కాదు, మా వీధి మొత్తం అనేది. ఎవరింట్లో పిల్లకి అన్నప్రాసన అయినా ముందు మా అమ్మకే కబురొచ్చేది. ఆవిడ చేత్తో మొదటి ముద్ద తిన్న పిల్లలు అన్నానికి మారాం చెయ్యరని, తిన్నది ఒంటికి పడుతుందని అందరి నమ్మకం. ఆవకాయ కలపాలన్నా, ఆనపపాదు విత్తనం పెట్టాలన్నా, జ్వరం పడి లేచినవాళ్ళకి పథ్యం పెట్టాలన్నా "ఒక్కసారి మీ చెయ్యి పడనివ్వండి వదినగారూ" అని వచ్చేవాళ్ళు. అమ్మ పైకి "చాల్లెండి, నా చేతిలో ఏముంది" అనేది గానీ లోలోపల మురిసిపోయేది. అలా పిలుపొచ్చిన రోజు పెట్టెలోంచి కొంచెం మంచి చీర తీసి కట్టుకునేది.

ఆ చెయ్యి సింగపూర్‌లో ఏమైపోయిందో రాయాలని చాలా ఏళ్ళుగా అనుకుంటున్నాను. రాయబోతే కోపం ముందొచ్చేసి మాట సాగేది కాదు. కోపం ఇప్పటికీ తగ్గలేదు. తగ్గేదాకా ఆగితే ఈ జన్మలో రాయలేనని ఇవాళ కూర్చున్నాను.

కంప్యూటర్ పని తెలిసినవాడికి ప్రపంచమంతా అత్తారిల్లులా ఉన్న రోజులవి. రెండు సూట్‌కేసులతో విమానం దిగినవాళ్ళు నెల తిరిగేసరికి ఈతకొలను ఉన్న ఇంట్లో కాపురం పెట్టేవాళ్ళు. మేమూ అంతే. సెరంగూన్‌లో గేటూ కాపలావాళ్ళూ ఉన్న ఒక కాండోలో, కింది అంతస్తులో ఫ్లాట్. హాల్లో అద్దాల తలుపు పక్కకి జరిపితే ఎదురుగా పచ్చిక. అసలు ఆ కాండోకి అందమంతా ఆ పచ్చికే. ఏజెంట్లు టై కట్టుకున్న కొత్తవాళ్ళని వెంటబెట్టుకొస్తే ముందు ఫ్లాట్ చూపించేవాళ్ళు కాదు, పచ్చిక చూపించేవాళ్ళు. తివాచీ పరిచినట్టు ఒకటే రంగు, ఒకటే ఎత్తు. దాని మీద ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు, నడిచేవాళ్ళు కూడా తక్కువే. చూడ్డానికే ఉండేది. నేనూ దాని ముందు నిలబడి ఫొటోలు దిగి ఇంటికి పంపాను.

తొలి కాన్పుకి ఆడపిల్ల పుట్టింటికి వెళ్ళడం మావైపు ఆనవాయితీ. నా విషయంలో డాక్టరు ప్రయాణం వద్దన్నాడు కాబట్టి పుట్టిల్లే విమానమెక్కి వచ్చింది. శొంఠి, వాము, పసుపుకొమ్ములు, సాంబ్రాణి, కాయం పొడి, పాతచీరలు చింపి కుట్టిన పొత్తిగుడ్డలు, అన్నీ మూటలు కట్టుకుని అమ్మ దిగింది. అత్తయ్యగారు పురిటిగదిని మడతపెట్టి తెచ్చారని మా ఆయన నవ్వారు. అమ్మాయి పుట్టింది. అమ్మ వంటగది స్వాధీనం చేసుకుంది, నన్ను మంచం మీంచి దిగనివ్వలేదు, పాపకి నలుగు పెట్టి కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసింది. ఆ ఇల్లు మొదటిసారి ఇల్లులా ఉంది.

పచ్చికని చూసి మొదటి రోజు అమ్మ అన్న మాట నాకు బాగా గుర్తు. "ఇంత పచ్చగా ఉంది, ఒక్క సీతాకోకచిలుకైనా ఎగరదేమే" అంది. అమ్మా, ఇది సింగపూర్, ఇక్కడ సీతాకోకచిలుకలు కూడా పర్మిట్ తీసుకునే ఎగురుతాయి అని నేను వేళాకోళం చేశాను. ఆవిడ నవ్వింది గానీ వంగి ఆ గడ్డి వంక ఇంకాసేపు చూసింది. చీమలు కూడా కనబడటం లేదంది. నేను పట్టించుకోలేదు, ఎవరు మాత్రం పట్టించుకుంటారు.

బాలింతకి పొన్నగంటి కూర పెట్టాలి. పాలు బాగా పడతాయని, కళ్ళకి చలవ చేస్తుందని మావాళ్ళ నమ్మకం. లిటిల్ ఇండియా మార్కెట్లో అరవవాళ్ళ కొట్లలో అది కట్టలు కట్టి అమ్ముతారు, మా ఆయన ఆఫీసు నుంచి వస్తూ తెచ్చారు కూడా. అమ్మ కట్ట విప్పి, ఒక ఆకు తుంచి, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి పక్కన పెట్టేసింది. అది ఆవిడ అలవాటు. ఏ మొక్క పక్కనుంచి నడిచినా ఆకు నలిపి వాసన చూడకుండా వెళ్ళేది కాదు. ఎప్పుడో కోసి ఐసులో పెట్టిన ఆకు బాలింతకి పనికిరాదంది. పొద్దున కోసింది పొద్దునే పొయ్యి మీదికి ఎక్కాలంది. అల్లుడు అంత దూరం నుంచి మోసుకొచ్చాడని మొహమాటానికి కూడా వండలేదు.

ఆ వారంలోనే ఒక ఉదయం పాపని లేత ఎండలో తిప్పడానికి ఎత్తుకుని వెళ్ళింది. వెళ్ళిన మనిషి ఎంతకీ రాలేదు. వచ్చేసరికి ఒక చేత్తో పాప, ఇంకో చేత్తో మూటలా పట్టుకున్న కొంగు. ముఖం చూస్తే పదహారేళ్ళ పిల్లలా ఉంది. కొంగు విప్పి మంచం మీద గుమ్మరించింది. పొన్నగంటి కూర. కణుపు కణుపునా తెల్లటి చిన్న పూలు, నీళ్ళోడుతున్న లేత ఆకు. ఈతకొలను వెనక, ఒళ్ళు కడుక్కునే షవర్ల నీళ్ళు పారే చోట తెగ మొలిచి ఉందట. "కాళ్ళ కింద పెట్టుకుని మార్కెట్లకి తిరుగుతున్నారు, మీకేం చదువులే పిచ్చిమొహాల్లారా" అంది.

నాలుగైదు నీళ్ళు మార్చి కడిగింది. వెల్లుల్లి దంచి, నూనెలో వేయించి, ఆకు మగ్గనిచ్చి వేపుడు చేసింది. వేడి అన్నంలో నెయ్యి వేసి కలిపి ముద్దలు చేసి తనే నా నోట్లో పెట్టింది. ఊరు వదిలాక అలాంటి ముద్ద నేను తినలేదు. కళ్ళంట నీళ్ళొచ్చాయి, వెల్లుల్లి ఘాటని చెప్పాను. అప్పట్నుంచి దాదాపు రోజూ పొద్దున్నే అమ్మ వెళ్ళి కోసుకొచ్చేది. ఆ కూర వల్లనో, అమ్మ పక్కనుండటం వల్లనో తెలియదు, నాకు పాలు పొంగుకొచ్చాయి. పాప కడుపునిండా తాగి, చేతులు బార్లా చాపి నిద్రపోయేది. అమ్మ ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా ఇదే చెప్పుకునేది. పరాయి దేశంలో కూడా తన చెయ్యి తప్పలేదని ఆవిడ ఆనందం.

పచ్చిక పని చేసే మనుషులు లారీలో వచ్చేవాళ్ళు. గడ్డి కత్తిరించేవాళ్ళు, కంచె మొక్కల్ని సమం చేసేవాళ్ళు, వీపుకి ట్యాంకు కట్టుకుని పిచికారీ కొట్టే ఒకాయన. గడ్డికి వేసే ఎరువేమో అనుకున్నాం. ఎండకి విసుక్కుంటూ ఆయన తెలుగులో ఏదో గొణుక్కోవడం అమ్మ చెవిన పడింది. ఇంకేముంది, అద్దాల తలుపు తీసి పలకరించేసింది. నిజామాబాద్ వైపు మనిషి. నలభై దాటినట్టుంటాడు, ఊళ్ళో భార్య, చదువుకునే పిల్లలు. మూతికి తుండుగుడ్డ చుట్టుకుని, కళ్ళు ఎర్రగా చేసుకుని ఉండేవాడు. దేశంకాని దేశంలో తెలుగు వినబడితే అమ్మకి చుట్టం దొరికినట్టే. వచ్చినప్పుడల్లా మజ్జిగ ఇచ్చేది. ఆయన అమ్మా అని పిలిచేవాడు, ఈవిడ బాబూ అనేది. ఇద్దరి యాసలూ కలిసి వినబడుతుంటే నాకు లోపల పడుకుని నవ్వొచ్చేది.

ఒక రోజు అమ్మ ఆయనకి భోజనం పెట్టింది. ఒక డబ్బాలో అన్నం, పొన్నగంటి వేపుడు, మజ్జిగ. మా అద్దాల తలుపు బయట మెట్టు మీద నీడలో కూర్చుని తిన్నాడు. నేను లోపల కుర్చీలో కూర్చుని పాపకి పాలిస్తున్నాను, తలుపు ఓరగా తీసే ఉంది. తన భార్య ఇలాగే వండుతుందని, ఈ రుచి మరిచిపోయి ఎన్నో ఏళ్ళైందని చెబుతూ గబగబా తింటున్నాడు. అమ్మ గుమ్మంలో నిలబడి ఆయన తింటుంటే చూస్తోంది. అన్నం తినేవాళ్ళని చూస్తూ నిలబడటం ఆవిడకి ఇష్టమైన పని.

"గీ కూర ఏడ దొరికిందమ్మా మీకు?" అని అడిగాడు.

అమ్మ గర్వంగా చెయ్యి చాపి చూపించింది. "అదుగో, ఆ ఈతకొలను వెనక. బోలెడుంది బాబూ, రోజూ నేనే కోసుకొస్తున్నా."

ఆయన చేతిలో ముద్ద డబ్బాలో పడిపోయింది. తల ఎత్తకుండా అన్నాడు. "ఆడ మందు కొడుతున్నమమ్మా. నేనే కొడుతున్న."

అమ్మకి అర్థం కాలేదు. ఏం మందు అని అడిగింది.

"కలుపు మందు. గడ్డి తప్ప ఇంకో ఆకు కనబడొద్దంటరు. కొట్టినంక ఎండనీకి కొన్ని దినాలు పడతది. అప్పటిదాంక పచ్చగనే ఉంటది. ఎండినా మళ్ళ మొలుస్తది, మళ్ళ కొడతం."

అమ్మ వెనక్కి తిరిగింది. నన్ను చూసింది, నా ఒళ్ళో పాపని చూసింది. పాప కళ్ళు మూసుకుని చప్పరిస్తోంది. అమ్మ ఒక్క అంగలో లోపలికి వచ్చి, నా రొమ్ముకీ పాప నోటికీ మధ్య చెయ్యి పెట్టి పాపని లాగేసుకుంది. పాప గుక్కపట్టి ఏడ్చింది. ఆయన మెట్టు మీద అలాగే కూర్చుని ఉన్నాడు.

అంతకుముందు కొన్ని రోజులుగా పాపకి విరేచనాలు పలచగా అవుతున్నాయి, వీపు మీద దద్దు లేచింది. వేడి చేసిందనుకున్నాం, ఇక్కడి ఉక్క పడలేదనుకున్నాం. ఇప్పుడు ఆ ప్రతి మచ్చా మమ్మల్ని భయపెట్టింది. టాక్సీలో ఆస్పత్రికి పరుగెత్తాం. డాక్టరమ్మ పాపనీ నన్నూ చూసి, రక్తం తీయించి, ఆ మందు పేరేమిటని అడిగింది. ఎవరికి తెలుసు? కొట్టే మనిషికే తెలియదు, కలిపిన ట్యాంకు వీపుకి తగిలించి పంపేవాళ్ళట. మా ఆయన కాండో ఆఫీసుకి ఫోన్ చేశారు. వాళ్ళు కాంట్రాక్టరుని అడిగి చెబుతామన్నారు. చివరికి చెప్పిందేమిటంటే, అది సేఫ్, అనుమతి ఉన్నదే, గాభరా పడక్కర్లేదు అని. పేరు మాత్రం చెప్పలేదు.

పేరు తెలియకుండా తనేమీ ఖచ్చితంగా చెప్పలేనంది డాక్టరమ్మ. ఏమీ కాకపోవచ్చు, కానీ మరీ పసిది కాబట్టి కొన్నాళ్ళు నా పాలు ఆపి డబ్బాపాలు పట్టమంది. పంపుతో తీసిన పాలు నేను వంటింటి సింకులో పారబోసేదాన్ని. అమ్మ ఆ సమయానికి పడకగదిలోకి వెళ్ళి తలుపేసుకునేది. పాపకి తగ్గింది, పరీక్షల్లోనూ ఏమీ తేలలేదు. దద్దు ఆ మందు వల్ల వచ్చిందా, ఉక్క వల్ల వచ్చిందా అన్నది ఇప్పటికీ ఎవరూ చెప్పలేరు. పాలివ్వచ్చని చెప్పేసరికి మాత్రం పాప సీసాకి అలవాటు పడిపోయింది. రొమ్ము దగ్గరికి తీసుకుంటే ముఖం తిప్పేసుకునేది. నాకు పాలు ఎండిపోయాయి. నా కడుపు ఎంత తరుక్కుపోయిందో నేను చెప్పలేను, నాకంటే అమ్మకి ఎక్కువ తరుక్కుపోయింది.

ఆ నిజామాబాద్ ఆయన తర్వాతి వారం వచ్చి, దూరంగా నిలబడి పాప ఎలా ఉందని అడిగాడు. నేను బాగుందని చెప్పాను. ఆయన మీద నాకు ఇసుమంతైనా కోపం రాలేదు. రోజంతా ఆ ట్యాంకు వీపున మోసేవాడు, ఆ గాలి పీల్చేవాడు. ఎర్రబడ్డ ఆయన కళ్ళ గురించి ఏ ఆఫీసు ఏం అనుమతి ఇచ్చిందో. ఆ తర్వాత ఆయన్ని వేరే చోటికి మార్చినట్టున్నారు, మళ్ళీ కనబడలేదు.

నా కోపమంతా ఆఫీసు మీద. ఊరుకోమన్నారు మా ఆయన, అద్దెకున్నవాళ్ళం మనకెందుకన్నారు. ఊరుకోలేదు నేను. చివరికి ఆయనే పాపని ఎత్తుకుని నా వెంట వచ్చారు. మేనేజరు మర్యాదగా కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది. ఆ మొక్క ఎవరినైనా కుడుతుందా అని అడిగాను. లేదంది. గడ్డికి తెగులు తెస్తుందా? లేదు. మరి ఎందుకు చంపుతున్నారు అంటే, మచ్చలు మచ్చలుగా కనబడుతుంది, చూడ్డానికి బాగుండదు అంది. ఆ ఒక్క మాటకి నా ఒళ్ళు భగ్గున మండింది. పసిపిల్లలు తిరిగే చోట, అందం కోసం విషమా అని అరిచాను. చేత్తో పీకించండి, లేదా కొట్టేముందు ఒక కాగితమైనా అంటించండి అని అడిగాను. ఇళ్ళ ఓనర్ల కమిటీలో పెడతానంది.

కమిటీలో మా పై అంతస్తు ఆంటీ కూడా ఉంది. ఆవిడ తాతలు ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి పడవల్లో వచ్చినవాళ్ళు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ సగం అరవం, సగం మలాయ్, మాట చివర సింగపూర్ వాళ్ళ 'లా' ఒకటి. మంచి మనిషి, మా తరఫున నిజంగానే మాట్లాడింది. మీటింగ్ అయ్యాక మా గుమ్మంలోకి వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది. "అక్కా, వర్రీ వద్దు. బోర్డు పెట్టేస్తున్నారు. ఇంక ఎవరూ కొయ్యరు లా" అంది.

మందు ఆపుతున్నారా అని అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఇళ్ళ రేట్లు పడిపోతాయని మిగతావాళ్ళు ఒప్పుకోలేదట.

బోర్డు నిజంగానే పెట్టారు. ఈతకొలను వెనక, సరిగ్గా పొన్నగంటి మొలిచిన చోట. ఇంగ్లీషు, చైనీస్, మలాయ్, తమిళం, నాలుగు భాషల్లో మొక్కలు కోయరాదని రాశారు. మందు కొడతామని ఒక్క భాషలోనూ రాయలేదు. అమ్మకి ఆ నాలుగూ రావు. కానీ రాతల పైన బొమ్మ ఉంది. ఆకు తుంచుతున్న ఒక చెయ్యి, దాని మీద అడ్డంగా ఎర్ర గీత. అమ్మ పాపని ఎత్తుకుని ఆ బోర్డు ముందు చాలాసేపు నిలబడింది. నేను వెళ్ళి పిలిస్తే నా వంక తిరగలేదు.

"నా చేతి మీదే గీత పెట్టారే" అంది.

అది అందరికోసం పెట్టింది అమ్మా, నీకు కాదు అని నచ్చజెప్పాను. తల ఊపింది, నమ్మలేదు. నేను ఎన్నిసార్లు చెప్పాను, నువ్వు తప్పేం చేశావు, ఆకు ఆకులాగే కనబడితే నీకెలా తెలుస్తుంది అని. కన్నవాళ్ళు ఎవరైనా చేసేదే నువ్వు చేశావని. ఆవిడ వినేది, సరేలే అనేది, లేచి వెళ్ళి చేతులు సబ్బు పెట్టి కడుక్కునేది. పాపకి సీసా కలపమంటే నన్నే కలుపుకోమనేది. నలుగు పెట్టడం మానేసింది. వంట చేసేది గానీ వడ్డించి పక్కకి తప్పుకునేది. కంచె పక్కనుంచి నడిచినా ఆకు తుంచలేదు, వాసన చూడలేదు. వీసా గడువు ఇంకా ఉండగానే, ఇంటి దగ్గర పనులున్నాయని వెళ్ళిపోయింది. ఏ పనులూ లేవని మా ఇద్దరికీ తెలుసు.

ఆ తర్వాత కూడా మందు కొట్టే రోజు వచ్చేది. ఆ పొద్దుట అద్దాల తలుపు మూసేసినా ఆ వాసన సందుల్లోంచి వచ్చేది. బయట పచ్చిక ఎప్పట్లాగే ఒకటే రంగు, ఒకటే ఎత్తు. ఏజెంట్లు మనుషుల్ని తెచ్చి చూపిస్తూనే ఉన్నారు. అద్దె గడువు కాగానే మేం సెంగ్‌కాంగ్‌లో మామూలు ఫ్లాట్‌కి మారిపోయాం.

అన్నప్రాసనకి పాపని తీసుకుని ఊరెళ్ళాను. అమ్మ దొడ్లో గట్టు పొడుగునా పొన్నగంటి పూతకొచ్చి ముదిరిపోయి ఉంది, ఎవరూ కోయడం లేదు. ఇంటినిండా జనం. ఆ చేతి ముద్ద తిని పెరిగినవాళ్ళే చాలామంది, కొందరు తమ పిల్లల్ని చంకనెత్తుకుని వచ్చారు. పీట వేసి, పాపకి పట్టుపరికిణీ కట్టి కూర్చోబెట్టాం. వెండి గిన్నెలో పరమాన్నం పెట్టారు. మా ఇంటి ఆనవాయితీ ప్రకారం అమ్మమ్మ చేతి ముద్దే మొదటిది. అందరూ అమ్మ కోసం చూశారు.

అమ్మ స్తంభం పక్కన నిలబడి ఉంది. మంచి చీర కట్టుకోలేదు. నేను లేచి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను, పిడికిలి బిగించింది.

"నా చేత్తో వద్దమ్మా. నువ్వే పెట్టు" అంది.

నాకు ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి. అందరి ముందూ గట్టిగా అనేశాను, నీ చేతికేమీ కాలేదమ్మా, అది వాళ్ళ చెయ్యి, వాళ్ళ పాపం అని. మా పెద్దవాళ్ళు బతిమాలారు, పక్కింటి ముసలావిడ గడ్డం పట్టుకుంది. అమ్మ కొంగులో చేతులు చుట్టేసుకుని అడుగు వెనక్కి వేసింది. ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు తొందరపెట్టాడు. చివరికి నేనే వేలితో కాస్త పరమాన్నం తీసి పాప నోట్లో పెట్టాను. పాప చప్పరించి, నవ్వి, ఇంకా కావాలని నోరు తెరిచింది. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది, అక్కణ్ణుంచే.

ఆవిడ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. పాపకి జడలు వేసింది, పక్కలో పడుకోబెట్టుకుని కథలు చెప్పింది, ఇంగ్లీషులో జవాబు చెబితే మురిపెంగా తిట్టింది. అన్నం మాత్రం పెట్టలేదు. మా వీధిలో సగం మంది తిన్న మొదటి ముద్ద ఆ చేతిదే. మా పాపది కాదు.